ఓరుగల్లు మఠాలు: మంత్రదీక్షకు పిలుపు వచ్చే తీరు

మంత్రవిద్య నేర్పే పాఠశాల ఒకటి ఉంటుందనీ, అందులో చేరదగిన పిల్లలను ఆ పాఠశాలే గుర్తించి కబురు పంపుతుందనీ చెప్పే కల్పన 1997లో వెలువడిన హ్యారీ పాటర్ నవలతో ప్రపంచమంతటా పిల్లలకు పరిచితమైంది. ఆ నవలలో పదకొండేళ్లు నిండబోయే బాలుడికి గుడ్లగూబల ద్వారా ఉత్తరాలు వస్తాయి. తెలుగు నేలపై మంత్రం నేర్పే సంస్థలు కల్పనలో కాక చరిత్రలోనే ఉండేవి. వాటికి భూములు, భవనాలు, బోధకులు, ఆచార్యపరంపర, ప్రవేశవిధి అన్నీ ఉండేవని శాసనాలూ గ్రంథాలూ సాక్ష్యమిస్తున్నాయి. కాకతీయుల కాలంలో అనుమకొండ, ఓరుగల్లు పట్టణాలు, అంటే నేటి హనుమకొండ, వరంగల్లు, ఇటువంటి సంస్థలకు రాజాశ్రయం దొరికిన ప్రధాన స్థలాలు. ఆ కాలపు శైవ మఠాల్లో శిష్యుడికి పిలుపు ఎవరి నుంచి వచ్చేది, వచ్చిందని గురువు ఎలా తెలుసుకునేవాడు, ఆ పిలుపు ఆచరణలో ఎవరి గడప దాకా చేరేది అన్న ప్రశ్నలకు శాసనాలు ఒక విధంగా, ఆ తరువాత పుట్టిన కథలు మరొక విధంగా సమాధానం చెబుతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం.

ఓరుగల్లు ప్రాంతంలో ఈ చరిత్ర కాలాముఖులతో మొదలవుతుంది. లకులీశుడిని ఆదిగురువుగా తలచే పాశుపత శాఖల్లో కాలాముఖం ఒకటి. యోగమూ తర్కమూ బాగా అభ్యసించిన ఈ శాఖ ఆచార్యులు 11, 12 శతాబ్దాల్లో కర్ణాటకలోనూ తెలంగాణలోనూ అనేక ఆలయాలకు అధిపతులుగా ఉన్నారు. అనుమకొండను ఏలిన కాకతీయ రెండో బేతరాజు శ్రీశైలంలోని మల్లికార్జున శిలామఠానికి చెందిన రామేశ్వర పండితుడి వద్ద దీక్ష పొంది, వైజనపల్లి అనే గ్రామానికి శివపురమని పేరు పెట్టి గురువుకు దానమిచ్చిన సంగతి కాజీపేట దర్గా శాసనంలో ఉంది. అప్పటికి కాకతీయులు ఇంకా చాళుక్య చక్రవర్తుల సామంతులే. ఒక చిన్న రాజకుటుంబం శ్రీశైలపు గురువును తన ఊరికి రప్పించుకొని ఊరినే సమర్పించడాన్ని బట్టి చూస్తే, ఆ రోజుల్లో పిలుపు పంపినవాడు శిష్యుడే, రావాలో వద్దో నిర్ణయించినవాడు గురువు. రాజులకు సంబంధించినంత వరకు ఈ వరుస ఆ తరువాత రెండు శతాబ్దాలు మారలేదు.

గణపతిదేవుడి కాలానికి (1199–1262) కాలాముఖుల స్థానంలోకి శైవసిద్ధాంత ఆచార్యులు వచ్చారు. గంగా నర్మదల నడుమనున్న డాహల దేశంలో త్రిపురి కలచురి రాజుల అండతో పెరిగిన గోళకీ మఠం వీరి మూలస్థానం. దుర్వాసుడి పరంపరలో సద్భావశంభుడనే ఆచార్యుడికి కలచురి యువరాజదేవుడు మూడు లక్షల గ్రామాలను భిక్షగా ఇచ్చాడని, ఆ సంపదతో ఆయన గోళకీ మఠాన్ని నెలకొల్పాడని 1261 నాటి మల్కాపురం శాసనం చెబుతుంది. మూడు లక్షలన్న అంకెను గౌరవసూచకంగానే తీసుకోవాలి. ఆ పరంపరలో తరువాత సోమశంభుడు, వామశంభుడు మొదలైనవారు వచ్చారు. చివరి పేరు విశ్వేశ్వరశివుడిది. గౌడదేశంలో, అంటే బెంగాల్‌లో, రాఢ ప్రాంతపు పూర్వగ్రామంలో పుట్టిన ఈ ఆచార్యుడు గణపతిదేవుడికి దీక్షాగురువయ్యాడు. చోళ, మాళవ రాజులు కూడా ఆయన శిష్యులేనని శాసనం పేర్కొంటుంది. గణపతిదేవుడి విద్యామండపంలో జటలతో, కుండలాలతో ఆసీనుడై ఉన్న ఆయన రూపాన్ని శాసనకవి వర్ణించిన తీరు చూస్తే, రాజాస్థానంలో పాఠం చెప్పే మండపమొకటి ప్రత్యేకంగా ఉండేదనీ, అక్కడ గురుపీఠానికి చాలా ఉన్నతమైన గౌరవం ఉండేదనీ తెలుస్తుంది.

ఈ పరంపరలోని సోమశంభుడి పేరుతోనే 11వ శతాబ్ది చివరి నాటి దీక్షావిధాన గ్రంథమొకటి నిలిచింది. కర్మకాండక్రమావళి అని అసలు పేరున్నా సోమశంభుపద్ధతి అన్న పేరుతోనే ఆ గ్రంథం ప్రసిద్ధం; దానిని హెలెన్ బ్రూనర్ 1963–1998 నడుమ నాలుగు సంపుటాలుగా ఫ్రెంచి అనువాదంతో పరిష్కరించి ప్రచురించారు. విశ్వేశ్వరశివుడు ఓరుగల్లులో ఏ రోజు ఏ క్రమంలో ఏ శిష్యుడికి దీక్ష ఇచ్చాడో శాసనం చెప్పదు గానీ, ఆయన సంప్రదాయంలో దీక్ష ఎలా జరగాలో ఈ గ్రంథం పూసగుచ్చినట్టు చెబుతుంది. మఠద్వారం లోపల ఏం జరిగేదో తెలుసుకోవడానికి ఇంతకన్న దగ్గరి ఆధారం లేదు.

శైవసిద్ధాంతం ప్రకారం ప్రతి జీవుడిలోనూ మలం అనే అనాది మాలిన్యం జ్ఞానాన్నీ శక్తినీ కప్పి ఉంచుతుంది. కంటికి పట్టిన శుక్లం ముదిరినప్పుడే వైద్యుడు శస్త్రం పట్టినట్టు, ఆ మలం పరిపక్వమైనప్పుడే శివుడు తన శక్తిని జీవుడిపై దింపుతాడు. దీనికే శక్తిపాతమని పేరు. అంటే పిలుపు శివుడిది. మఠం ఎవరినీ ఎన్నుకోదు, వచ్చినవాడిలో శివుడి ఎన్నిక జరిగిందో లేదో పరిశీలిస్తుంది. గురువుపైనా శాస్త్రంపైనా కలిగే భక్తి, సంసారంపై విసుగు, ఒళ్లు జలదరించడం, కన్నీరు పెల్లుబకడం వంటివి శక్తిపాతానికి గుర్తులుగా చెప్పారు. గురువూ శిష్యుడూ ఒకరినొకరు కనీసం ఒక సంవత్సరం పాటు పరీక్షించుకోవాలని తంత్రగ్రంథాలు తరచు విధిస్తాయి. ఈ పరీక్ష పరస్పరమన్న సంగతిని ప్రత్యేకంగా గుర్తించాలి: గురువును వద్దనుకునే హక్కు శిష్యుడికి శాస్త్రమే ఇచ్చింది.

పరీక్ష ముగిశాక దీక్షకు ముందురోజు జరిగే కార్యక్రమాన్ని అధివాసమంటారు. ఆ సాయంకాలం గురువు శిష్యుడికి పంచగవ్యమూ, మంత్రాలతో వండిన చరువనే అన్నమూ ఇచ్చి, ఆపైన ఒక పళ్లపుల్ల ఇస్తాడు. శిష్యుడు దానిని నమిలి నేలపై పడవేస్తే, ఆ పుల్ల కొన ఏ దిక్కుకు తిరిగి పడిందో గురువు చూస్తాడు. శుభమైన దిక్కుకు పడితే సరే, అశుభమైన దిక్కుకు పడితే దోషం తొలగడానికి హోమం చేస్తాడు. తరువాత దర్భలపైనో మంత్రించిన శయ్యపైనో శిష్యుడు మఠంలోనే నిద్రిస్తాడు. తెల్లవారగానే గురువు అడిగే మొదటి మాట రాత్రి ఏ కల వచ్చిందని. ఏ కల మంచిది, ఏది చెడ్డదన్న జాబితాలు ఆగమాల్లో విపులంగా ఉన్నాయి. చెడ్డ కల వచ్చినంత మాత్రాన కుర్రవాణ్ణి వెనక్కి పంపరు. నూరు ఆహుతులతోనో అంతకన్న ఎక్కువతోనో శాంతి జరిపి ముందుకు తీసుకువెళతారు. అన్ని నిమిత్తాలు చూసే ఈ విధానంలో ప్రతి అపశకునానికీ ఒక పరిహారం సిద్ధంగా ఉండడం మఠపు ఔదార్యానికి గుర్తుగా భావించడం సమంజసం.

మరునాడు రంగురంగుల పొడులతో నేలపై మండలం వేస్తారు. మంత్రదేవతలంతా తమ తమ స్థానాల్లో కొలువుండే శివుడి చిత్రమది. శిష్యుడి కళ్లకు మంత్రించిన వస్త్రం కట్టి, మండలం దగ్గరికి నడిపించుకొని వచ్చి, దోసిట్లో పువ్వు పెట్టి విసరమంటారు. శివుడికి ఈశానం, తత్పురుషం, అఘోరం, వామదేవం, సద్యోజాతం అని ఐదు ముఖాలున్నాయి. పువ్వు మండలంలో ఏ భాగంపై పడితే ఆ భాగపు మంత్రం పేరును శిష్యుడి కొత్త పేరుకు మొదటి భాగంగా తీసుకొని, చివర శివశబ్దమో అటువంటి మరొకటో చేర్చి నామకరణం చేస్తారు. ఈశానశివుడు, అఘోరశివుడు వంటి పేర్లు శైవాచార్యుల్లో పదేపదే కనబడడానికి కారణమిదే. స్త్రీలకైతే శక్తిశబ్దం చేరుతుంది. కట్టు విప్పగానే కుర్రవాడి కంటికి మొదట కనబడేది ఆ మండలమే. గురువు తన కుడిచేతిలో శివుణ్ణి ఆవాహన చేసి, శివహస్తమని పిలిచే ఆ చేతిని శిష్యుడి తలపై ఉంచుతాడు. కులం, ఊరు, తండ్రి పేరు వెనుకబడి, కళ్లు మూసుకుని విసిరిన పువ్వు ఇచ్చిన పేరు ముందుకు వచ్చే ఈ ఘట్టం మొత్తం దీక్షావిధిలో అతి గంభీరమైనది. ఎంచుకున్నవాడు గురువూ కాదు, శిష్యుడూ కాదు అని అందరి కళ్లెదుటా నిరూపించే ఏర్పాటది.

ఇంతటితో శిష్యుడు సమయి అవుతాడు. సమయమంటే నియమం: శివుణ్ణి, గురువును, శాస్త్రాన్ని నిందించరాదు, నిర్మాల్యాన్ని దాటరాదు, మంత్రాన్ని దీక్ష లేనివారికి చెప్పరాదు. తరువాతి మెట్టున ఉన్నవాడు పుత్రకుడు. ఇతనికి జరిగే నిర్వాణదీక్షలో శిష్యుడి శిఖ నుంచి కాలి బొటనవేలి దాకా ఒక దారం వేలాడదీసి, అందులో అతని బంధాలన్నిటినీ భావించి, భాగాలుగా కోసి అగ్నిలో వేస్తారు. ఆపైన రెండు మార్గాలున్నాయి. ఒకటి ఆచార్యుడిది, అంటే దీక్ష ఇచ్చే అధికారం. రెండవది సాధకుడిది. సాధకుడు మోక్షం కన్న ముందు సిద్ధులను కోరతాడు: శత్రువు నిలవలేని ఖడ్గం, కంటికి పెట్టుకుంటే నిధులు కనబడే అంజనం, తొడుక్కుంటే కోరినచోటికి చేర్చే పాదుకలు, నోట పెట్టుకునే గుటిక, ముసలితనాన్ని ఆపే రసాయనం, పాతాళంలోకి దారి తెరిచే బిలప్రవేశం. తెలుగు పిల్లలు అమ్మమ్మల దగ్గర విన్న కథల్లోని ఇటువంటి వస్తువులన్నీ ఒకప్పుడు తంత్రగ్రంథాల్లో సాధకులకు చెప్పిన ఫలాలే.

నియమాలను పాటించే శక్తి లేనివారి సంగతి కూడా గ్రంథం ఆలోచించింది. బాలులు, వృద్ధులు, స్త్రీలు, రోగులు, రాజ్యభారం మోసే రాజులు వంటివారికి నిర్బీజదీక్ష అనే పద్ధతి ఉంది. దీక్ష తరువాత రోజూ చేయవలసిన కఠినమైన అనుష్ఠానాల బాధ్యత వారిపై ఉండదు, ఫలం మాత్రం తక్కువ కాదు. సిద్ధాంతశైవం నాలుగు వర్ణాలవారికీ దీక్షార్హత ఉందని చెప్పింది. కాగితం మీద చూస్తే ఈ ద్వారం ఆ కాలానికి ఎంతో విశాలమైనదే.

ఆచరణలో ద్వారం వెడల్పును నిర్ణయించింది భూమి. విశ్వేశ్వరశివుడికి గణపతిదేవుడు ఇస్తానన్న మందర గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడిని ఆయన కుమార్తె రుద్రమదేవి 1261లో ధారపోసింది. కృష్ణ దక్షిణపు ఒడ్డున, నేటి అమరావతి ప్రాంతంలో ఉన్న ఊళ్లివి. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఇప్పుడున్నది ఆ వెలగపూడిలోనే. అక్కడ ఆచార్యుడు ఆలయం, మఠం, సత్రం నిర్మించి విశ్వేశ్వరగోళకి అనే అగ్రహారాన్ని ఏర్పరచాడు. ఆదాయంలో ఒక భాగం ఆలయానికి, ఒక భాగం విద్యార్థులకూ శైవమఠానికీ, మిగిలిన భాగం ప్రసూతిశాల, ఆరోగ్యశాల, బ్రాహ్మణ సత్రాలకు కేటాయించాడు. ఋగ్యజుస్సామవేదాలకు ముగ్గురు, వ్యాకరణం, మీమాంస, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పడానికి ఐదుగురు ఉపాధ్యాయులను నియమించాడు. వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు, నర్తకులు, మద్దెల వాయించేవారు, ఊరిని కాచే వీరభద్రులు, వారి జీతపు భూములు అన్నీ మల్కాపురం శాసనంలో ఉన్నాయి. 13వ శతాబ్దిలో ఒక విద్యాసంస్థ ఎలా నడిచిందో ఇంత వివరంగా చెప్పే శాసనాలు తెలుగు దేశంలో అరుదు.

ఆ శాసనంలోనే మరొక వాక్యం ఉంది: అన్నసత్రంలో బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుడి వరకు ఎవరు వచ్చినా అడ్డులేకుండా అన్నం పెట్టాలన్నది దాని ఆదేశం. అన్నానికి అడ్డులేదు. వేదపాఠానికి మాత్రం కుర్రవాడు పుట్టుకతోనే అర్హుడై రావాలి. వ్యాకరణతర్కాల వ్యాఖ్యానం వినడానికి అంతకుముందే సంస్కృతం చదివి ఉండాలి. శక్తిపాతం ఎవరిపైనైనా జరగవచ్చునని సిద్ధాంతం ఎంత గట్టిగా చెప్పినా, మఠం భోజనశాల దాకా వచ్చిన కాపు కొడుకుకూ గొల్ల కొడుకుకూ అక్కడి నుంచి విద్యామండపం దాకా దారి వేసే ఏర్పాటు ఏదీ శాసనంలో లేదు. ఆ కాలపు సంస్థల్లో అతి ఉదారమైన దానిలోనే ఈ లోపం ఉండడం బాధాకరం.

ఈ లోపాన్ని అదే శతాబ్దంలో ఓరుగల్లు సీమవాడే సూటిగా ఎత్తిచూపాడు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తితో ముడిపడిన కవి పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన వీరశైవంలో పరీక్షాసంవత్సరం లేదు, పువ్వు విసరడం లేదు. చాకలి, కుమ్మరి, మాదిగ, వేటగాడు ఎవరైనా భక్తుడైతే చాలు, అతడు శివుడితో సమానం. వీరశైవ కుటుంబాల్లో పుట్టిన బిడ్డకు పురిటిలోనే లింగధారణ చేయడం ఆచారమైంది. పిలుపు కోసం ఎదురుచూడవలసిన అవసరమే లేకుండా, ఊపిరి పీల్చిన నాటి నుంచే బిడ్డను లోపలివాణ్ణి చేసిన ఈ మార్గం గోళకీ ఆచార్యుల అంచెల పద్ధతికి పూర్తిగా ఎదురు నిలిచింది. దేశి ద్విపదలో ఈ మాటలు చెప్పడం వల్ల అవి సంస్కృతం రానివారి చెవులకు కూడా చేరాయి.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైంది. రాజగురువుల వ్యవస్థ రాజుతోపాటే పోయింది. ఆ తరువాతి శతాబ్దాల్లో మంత్రవిద్యను గురించిన స్థానిక జ్ఞాపకం కథారూపం తీసుకుంది. ఏకామ్రనాథుడి ప్రతాపరుద్రచరిత్ర, కాసె సర్వప్ప ద్విపదలో రాసిన సిద్ధేశ్వరచరిత్ర ఇందులో ముఖ్యమైనవి. రెండవది హనుమకొండలోని సిద్ధేశ్వరాలయం పేరు మీదనే వెలసింది. బండికున్న ఇనుమును బంగారంగా మార్చిన స్పర్శవేది లింగం దొరకడం వల్లనే ఓరుగల్లు పుట్టిందనీ, శత్రువుల నుంచి తప్పించుకొని వచ్చిన రాణికి హనుమకొండ బ్రాహ్మణుడి ఇంట పుట్టిన మాధవవర్మ పద్మాక్షిదేవిని కొలిచి ఖడ్గమూ డాలూ పొందాడనీ ఈ కథలు చెబుతాయి. పద్మాక్షిగుట్టపై 1117 నాటి శాసనం ప్రకారం అక్కడ కడలాలయ బసది అనే జైనాలయం ఉండేది. దానిని కట్టించినది రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ. జైన క్షేత్రం దేవీక్షేత్రమైన ఆ గుట్ట మీద, సాధకుడి ఖడ్గసిద్ధి ఒక అనాథ రాజకుమారుడి కథగా మారింది.

అంతకన్న లోతైన మార్పు గౌరన రాసిన నవనాథచరిత్రలో కనబడుతుంది. శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠాధిపతి ముక్తిశాంతుడు రాయించిన ఈ 15వ శతాబ్ది ద్విపద కావ్యం మీననాథుడు, గోరక్షుడు మొదలైన నాథసిద్ధుల కథలు చెబుతుంది. సవతితల్లి మోపిన నిందకు కాళ్లూ చేతులూ పోగొట్టుకొని అడవిపాలైన సారంగధరుణ్ణి మీననాథుడు కాపాడి యోగం ఉపదేశిస్తాడు, అతడే చౌరంగి. ఆ నిస్సహాయుడికి తిండి పెట్టి చూసుకునే పని గురువు ఒక పశువుల కాపరికి అప్పగిస్తాడు. మాట తప్పకుండా ఆ పని చేసిన కాపరే గోరక్షుడయ్యాడు. ఇక్కడ పళ్లపుల్ల లేదు, కల లేదు, వంశం అడగలేదు. ఎవరూ చూడని చోట ఇంకొకరి ఆకలి తీర్చడమే ప్రవేశపరీక్ష. మల్కాపురం శాసనంలోని సత్రంలో అన్నం తినేవాడిగా మాత్రమే చోటు దొరికిన మనిషి, ఈ కథలో అన్నం పెట్టేవాడై నేరుగా సిద్ధుల వరుసలో కూర్చున్నాడు. ఒక మఠాధిపతే ఈ కథ రాయించడం విశేషం.

ఓరుగల్లు సీమలో పశువుల కాపరి కథకు మరొక రూపం బమ్మెర పోతనది. చిన్ననాడు పశువులను మేపుతుండగా ఒక యోగి కనబడి మంత్రోపదేశం చేశాడని, దానితోనే కవిత్వం వచ్చిందని జనం చెప్పుకుంటారు. పోతన తానుగా భాగవతావతారికలో చెప్పుకున్నది వేరు: చంద్రగ్రహణపు రాత్రి స్నానం చేసి ఇసుకతిన్నెపై ధ్యానంలో ఉండగా రాముడు కనబడి భాగవతాన్ని తెలుగు చేయమన్నాడు. కవి చెప్పిన దర్శనంలో గురువు లేడు, జనం చెప్పిన కథలో గురువు తప్పనిసరి. మంత్రం ఒక మనిషి నోటి నుంచే మరొకరి చెవికి చేరాలన్న మఠాల నియమం, మఠాలు పోయిన తరువాత కూడా ప్రజల నమ్మకంలో అంత గట్టిగా నిలిచింది.

పోతన పేర్కొన్న గ్రహణకాలం పల్లెల మంత్రవిద్యలోనూ ప్రధానమైనదే. తేలుమంత్రం, పాముమంత్రం వంటివి గ్రహణం పట్టిన వేళ నీటిలో నిలబడి జపిస్తే సిద్ధిస్తాయని తెలుగు పల్లెల్లో నమ్మేవారు. మంత్రం వేసినందుకు డబ్బు తీసుకోరాదు, తీసుకుంటే మంత్రం పని చేయదన్నది గురువు శిష్యుడికి పెట్టే మొదటి నియమం. విషానికి మందు ఆసుపత్రిలోనే ఉంది, ఆ మంత్రాలను నమ్ముకొని ఆలస్యం చేసి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు; అయినా చరిత్ర దృష్టితో చూస్తే, భూమీ భవనమూ లేని ఈ ఒక్క గురువు, ఒక్క శిష్యుడి పాఠశాలలో పాత సమయాచారపు ముఖ్యాంశాలైన గోప్యమూ నియమమూ మిగిలి ఉన్నాయి. మరొకవైపు మంత్రం తెలిసినవాడిపై చేతబడి, బాణామతి అనుమానం కూడా పెరిగింది. నలుగురి ముందు పరీక్ష పెట్టి నలుగురి ముందు పేరు పెట్టే మఠం లేనప్పుడు, ఎవరు ఎవరికి ఏం నేర్పుతున్నారో తెలియని ఊరు భయపడటం సహజమే. ఆ భయం తెలంగాణ పల్లెల్లో ఎందరో నిరపరాధులపై దాడులకు కారణమైంది.

ఈ అనుమానమే వినోదరూపంలో 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రంలో కనబడుతుంది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన ఈ చిత్రంలో నేపాళ మాంత్రికుడు సాహసవంతుడైన యువకుడి కోసం వెతుకుతూ ఉజ్జయినికి వచ్చి, తోటమాలి కొడుకు రాముణ్ణి ఎన్నుకుంటాడు. ధనం ఆశ చూపి వెంట తీసుకువెళతాడు. పరీక్షలూ పెడతాడు. పాత విధిలోని ఘట్టాలు చాలావరకు ఉన్నాయి, వాటి ఉద్దేశం మాత్రం తలకిందులైంది. మాంత్రికుడికి కావలసింది శిష్యుడు కాదు, పాతాళభైరవికి ఇవ్వదగిన బలి. రాముడు ఆ సంగతి తెలుసుకొని మాంత్రికుణ్ణే బలి ఇచ్చి, దేవి ఇచ్చిన ప్రతిమను తాను తీసుకుంటాడు. గౌరన చెప్పిన గోరక్షుడి కథ తరువాత అయిదు వందల ఏళ్లకు కూడా కథ పేదింటి కుర్రవాణ్ణే ఎన్నుకుంది. అయితే ఈసారి అతని యోగ్యత గురువు మాట నిలబెట్టడంలో లేదు, గురువును పరీక్షించడంలో ఉంది. ఆ హక్కును దీక్షాశాస్త్రం ఏనాడో రాసిపెట్టింది.